మిగిలిన పదమూడు కిలోమీటర్లు

కలినా, సస్కాచెవాన్
ఫిబ్రవరి 11, 2024

చెల్లాయ్ స్టెఫ్కా,

ఇక్కడ చలి సున్నాకి ముప్పై ఆరు కింద ఉంది. రాత్రంతా ట్రక్కు ఇంజను గడ్డకట్టకుండా కరెంటు తగిలించి ఉంచితే పొద్దున ఒక మూలుగు మూలిగి కదిలింది. నేనూ అలాగే కదులుతున్నాను.

పనిమీద రాస్తున్నాను. పెట్రోలు మీద వేసే కార్బన్ పన్ను వాపసు అంటున్నారే, బండి తోలేవాళ్ళకి ప్రభుత్వం తిరిగిచ్చే డబ్బు, అది నాకు ఎంత రావచ్చో లెక్క కట్టి చెప్పు. ముప్పై ఏళ్ళు పన్నుల కౌంటరులో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి ఫారాలూ నింపినదానివి, నీకిదేం లెక్క. ఇక్కడ కో-ఆప్ దుకాణంలో పొద్దున్నే కాఫీ బల్ల దగ్గర ముసలాళ్ళం ఆరుగురం చేరి దీనిమీదే పంచాయితీ. లాయిడ్ ఏమంటాడంటే, "ఎంత తగలేస్తే అంత తిరిగిస్తారయ్యా నెస్టర్, కాకపోతే రుజువుండాలి, పుస్తకం రాసి పెట్టుకో" అని. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపినవాణ్ణి, రోజూ మీటరు రాయడం నాకు కొత్తా? పోయిన మే నెల నుంచి ఒక్క రోజు వదలకుండా రాశాను. ఆ నీలం అట్ట పుస్తకం ఇందులో పెట్టి పంపుతున్నాను. పెట్రోలు రసీదులు కూడా ఉన్నాయి, రబ్బరు బ్యాండు తీసి చూడు.

ఈ డబ్బు వస్తే వారానికి రెండుసార్లు వెళ్ళగలను. రాకపోతే ఒక్కసారే. పెట్రోలు ధర అలా ఉంది. ఎక్కడికి అంటావేమో, ఇంటన్నాక సవాలక్ష పనులుంటాయి.

మీ వదిన పౌలీన్ నిన్ను అడిగినట్టు చెప్పమంది. మోకాళ్ళు నొప్పులని గొణుగుతోంది. నువ్వు చెవులకి ఆ కొత్త మిషను పెట్టుకుంటున్నావా లేదా అని అడిగింది.

అన్నయ్య నెస్టర్


థండర్ బే, ఒంటారియో
ఫిబ్రవరి 24

అన్నయ్యకి,

చెవి మిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మనిషి మాట వినపడటం లేదు, అందుకని సొరుగులో పడేశాను. ఇది వదినకి చెప్పు, నన్ను తిట్టమను.

నీ పుస్తకం అందింది. లాయిడ్ మాట నమ్మి పది నెలలు మీటరు రాశావు చూడు, నిన్ను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది కిలోమీటర్ల లెక్క కాదన్నయ్యా. నువ్వు రోజూ వెళ్ళినా, ట్రక్కు కొట్టంలోనే పెట్టి తాళం వేసినా వచ్చేది ఒకటే. ఇంట్లో ఎంతమంది ఉన్నారనేదే లెక్క. ఒక మనిషికి ఇంత, భార్య ఉంటే అందులో సగం అదనంగా, పిల్లలుంటే ఇంకొంచెం. నువ్వు పట్నానికి దూరంగా ఉన్నావు కాబట్టి ఫారంలో దానికో గడి ఉంటుంది, అక్కడ టిక్కు పెడితే పైన కొంత కలుస్తుంది. రసీదులు, రబ్బరు బ్యాండు ఏమీ అక్కర్లేదు.

మీరిద్దరు కాబట్టి మూడు నెలలకోసారి అయిదు వందల చిల్లర రావాలి. అసలు నాకు అర్థం కానిది, ఆ డబ్బు నీకు ఈపాటికే వస్తూ ఉండాలి. పోయిన ఏడాది నా ఆపరేషన్ మూలంగా మీ ఫారాలు చెయ్యలేకపోయాను, ఊళ్ళో ఎవరో కుర్రాడు చేశాడన్నావు. వాడు ఏం వెలగబెట్టాడు? ఫారం వెయ్యనివాళ్ళకి ఒక్క డాలరు కూడా రాదు. ఆ కాగితాలు, ఈ ఏటివి, అన్నీ పంపు. నీ సంతకం, వదిన సంతకం రెండూ కావాలి.

ఇంకో మాట. వదినని రెండు ముక్కలు తన చేత్తో రాయమను. క్రిస్మస్ కార్డు మీద పేరు తప్ప ఏమీ రాయలేదు. ఇదివరకు పావు పేజీ నిండా నీ మీద చాడీలు రాసేది, అవి చదువుకుని వారం రోజులు నవ్వుకునేదాన్ని. ఫోను మోగినా నాకు వినపడదు, ఉత్తరాలు తప్ప నాకు ఇంకెవరున్నారు.

స్టెఫ్కా


కలినా
మార్చి 10

చెల్లాయ్,

లాయిడ్‌కి చెప్పాను, కిలోమీటర్ల లెక్క కాదట అని. "అయితే మరీ అన్యాయం" అన్నాడు. కాఫీ మాత్రం నా డబ్బులతోనే తాగాడు.

నీ దగ్గర దాపరికం ఎందుకు, పోయిన ఏడాది ఫారం ఎవరూ వెయ్యలేదు. కుర్రాడూ లేడు, ఎవరూ లేరు. ఏదో బద్ధకించాను. జరిమానా పడుతుందా?

మీ వదిన రాయలేదని కోపం పెట్టుకోకు. చెయ్యి వణుకుతోంది. ఈ ఉత్తరం రాస్తుంటే అక్కడ పడుకునే ఉంది, లేపబుద్ధి కాలేదు. నిన్న బీట్‌రూట్ పులుసు పెట్టింది, సోంపాకు ఎక్కువ పడింది. సంతకం సంగతి చూస్తాను. ఆవిడ సంతకం లేకుండా పని జరగదా?

ఒకటి అడుగుతాను, నా కోసం కాదు, లాయిడ్ అడగమన్నాడు. ఒక మనిషి భార్య కొంతకాలంగా వేరే చోట ఉంటోందనుకో. అంటే ఆ ఇంట్లో రాత్రి పడుకునేది ఒక్కడే అనుకో. అప్పుడు ఆ ఫారంలో ఏ గడిలో టిక్కు పెట్టాలి? ఇద్దరని రాస్తే దొంగలెక్క అవుతుందా? తర్వాత వచ్చి డబ్బు వెనక్కి లాక్కుంటారా? లాయిడ్ కంగారు పడుతున్నాడు, తొందరగా రాయి.

ఇక్కడ మంచు కరగడం లేదు. శుక్రవారం రోడ్డు జారుడుగా ఉన్నా వెళ్ళొచ్చాను.

నెస్టర్


థండర్ బే
మార్చి 22

అన్నయ్యకి,

లాయిడ్ భార్య పోయి పన్నెండేళ్ళయింది. చావుకి పూలు పంపింది నేనే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం.

నీ ఉత్తరం వచ్చాక ఆ నీలం పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివాను. ఇక్కడ నాకు వేరే పనేముంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మంగళవారం, శుక్రవారం, ప్రతివారం రెండుసార్లు రెండు వందల డెబ్బై అయిదు కిలోమీటర్లు. ఒక్క కిలోమీటరు అటూ ఇటూ లేదు. మంచు పడ్డాక శుక్రవారం ఒక్కటే, రెండు వందల అరవై రెండు. ఎక్కడికి అనే చోట ప్రతిసారీ "పని" అని ఒక్క ముక్క. మిగతా రోజుల్లో మాత్రం "పోస్టాఫీసు, 4", "కాఫీ, 4", "చర్చి, 9" అని వివరంగా రాశావు.

గోడ మీద మ్యాపు దించి దారం పెట్టి కొలిచాను. మీ ఇంటి నుంచి సస్కటూన్ నూట ముప్పై ఒకటి. పోనూ రానూ రెండు వందల అరవై రెండు. సరిపోయింది. మరి ఎండాకాలంలో ఆ మిగిలిన పదమూడు కిలోమీటర్లు ఎవరితో షికారు?

వదిన ఇంట్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే, వారానికి రెండుసార్లు పట్నం వెళ్ళి ఎవరిని చూసొస్తున్నావు? ఇప్పుడు "భార్య వేరే చోట ఉంటే" అని అడుగుతున్నావంటే ఆవిడని వెళ్ళగొట్టే ఆలోచన కూడా ఉందన్నమాట. అరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, సిగ్గులేదా నీకు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. నీ పుస్తకం నువ్వే రాసి, నీ చేత్తో నాకే పంపావు.

నలభై రెండేళ్ళు నీ నోరు భరించింది పౌలీన్. అమ్మ మంచాన పడితే కడిగి ఎత్తిపోసింది ఆవిడ, నువ్వు కాదు, నేనూ కాదు. వదిన చేత ఒక్క ముక్క రాయించి పంపేదాకా నీ ఫారాలు నేను ముట్టుకోను.

స్టెఫ్కా


కలినా
ఏప్రిల్ 2

చెల్లాయ్,

నీ ఉత్తరం పోస్టాఫీసు బయట ట్రక్కులో కూర్చుని చదివాను. చదివి నవ్వాను కూడా. ఈ మొహానికి ఇంకో ఆడది. తర్వాత చాలాసేపు బండి స్టార్టు చెయ్యలేకపోయాను.

మీ వదిన ఇంట్లో లేదు. 2022 అక్టోబరు నుంచి సస్కటూన్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఇంట్లో ఉంది.

ముందు చిన్న చిన్నవే. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టడం, ఉప్పు డబ్బా మంచం కింద దాచడం. నేను నవ్వేవాణ్ణి, కసిరేవాణ్ణి కూడా. ఆ అక్టోబరులో ఒక పొద్దున నేను కాఫీకి వెళ్ళొచ్చేసరికి లేదు. మట్టిరోడ్డు పట్టుకుని అయిదు కిలోమీటర్లు నడిచిపోయింది, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. కోత మిషను నడిపేవాడు చూసి ఆపాడు. "స్కూలు బస్సు ఇంకా రాలేదు, మా ఆయన ఆలస్యం చెయ్యడే" అందట వాడితో. నేను బస్సు మానేసి ఆరేళ్ళు. డాక్టరు ఇక ఇంట్లో వద్దన్నాడు. దగ్గర్లో ఎక్కడా ఖాళీ లేదు, అక్కడే దొరికింది.

పోయిన ఏడాది వసంతంలో ఫారం ముందు పెట్టుకున్నాను. పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను. తర్వాత ఆ వరస వచ్చింది. వివాహితులా, విడిగా ఉంటున్నారా, భార్య లేదా భర్త చనిపోయారా. విడిగానే కదా ఉంటున్నాం. ఆవిడ మంచం అక్కడ, నా మంచం ఇక్కడ. అబద్ధం రాయడం నాకు చేతకాదు. నిజం రాయడానికి కలం కదల్లేదు. కాగితం మడిచి సొరుగులో పడేశాను. అందుకే డబ్బు రాలేదు. డబ్బు రాక, పెట్రోలు పెరిగి, వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి ఒక్కసారికి దిగాను. కాగితం సొరుగులో పడేసిన ఆ రోజుల్లోనే లాయిడ్ ఈ కిలోమీటర్ల కబురు చెబితే, పోన్లే, ఇందులో భార్య ఉందా లేదా అని అడగరు, మీటరు చూసి ఇస్తారు అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. నువ్వేమో అది కూడా ఇంట్లో మనుషుల లెక్కే అన్నావు.

క్రిస్మస్ కార్డుల మీద పేరు నేనే రాశాను. ఆవిడ వంటల పుస్తకం మీద సంతకం చూసి నాలుగుసార్లు ప్రాక్టీసు చేశాను. పులుసులో సోంపాకు ఎక్కువ వేసింది కూడా నేనే.

నీకెందుకు చెప్పలేదంటే, నీకు రాసే ఉత్తరాల్లో మాత్రమే ఆవిడ ఇంకా ఇంట్లో ఉంది. మోకాళ్ళు నొప్పులంటూ, నా మీద గొణుగుతూ, నీ చెవుల గురించి అడుగుతూ ఉంది. ఆ ఒక్క చోటు కూడా ఖాళీ చెయ్యలేకపోయాను. నన్ను క్షమించు.

ఒక్క ముక్క రాయించి పంపమన్నావు. ఆవిడకి ఇప్పుడు కలం ఇస్తే దాంతో జుట్టు దువ్వుకుంటోంది.

నెస్టర్


థండర్ బే
ఏప్రిల్ 12

అన్నయ్యా,

నీ ఉత్తరం వంటగదిలో కోటు కూడా విప్పకుండా నిలబడి చదివాను. నా నోరు పడిపోను. నువ్వు తిరిగి తిట్టి ఉంటే బాగుండేది.

ముందు పని మాట, లేకపోతే రాయలేను. ఫారంలో "విడిగా" అని ఉన్నది మనసు విరిగి విడిపోయినవాళ్ళ కోసం. జబ్బుచేసి ఒకళ్ళు వేరే చోట ఉండాల్సి వచ్చినంత మాత్రాన ప్రభుత్వం ఎవరినీ విడదీయదు. ఈ మాట నేను కౌంటరులో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆసుపత్రుల నుంచి తిన్నగా వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. "మీరు వివాహితులే అండి, అలాగే రాయండి" అంటే కొందరు అక్కడే కూర్చుండిపోయేవాళ్ళు. మా అన్నకి మాత్రం చెప్పలేకపోయాను. అడిగితే ఒక్క నిమిషం పట్టేది.

వీలునామా రాయించినప్పుడు ఒకరి తరఫున ఒకరు సంతకం పెట్టేలా లాయరు మీకో కాగితం చేశాడు, వదినే అప్పట్లో నాకు రాసింది. ఆ కాగితం నకలు పెట్టు, ఆవిడ సంతకం చోట నువ్వు పెట్టొచ్చు. నిరుటివి, ఈ ఏటివి కలిపి వేస్తున్నాం. నువ్వు పోగొట్టుకున్న వాయిదాలు కూడా వస్తాయి. పెట్రోలు ఖర్చు నీ రసీదుల మీదే వేసి చూశాను, అవి అలా పనికొచ్చాయి. వారానికి రెండుసార్లు వెళ్ళొచ్చు, చలికాలంలో కూడా.

అన్నీ నింపాను. ఒక్క వరస ఖాళీగా వదిలాను, పక్కన పెన్సిలుతో చుక్క పెట్టాను. అది నువ్వే నీ చేత్తో నింపు.

ఇక నా మాట. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు మొదట పెదాలు పెద్దగా కదిపి చెబుతారు, తర్వాత చేత్తో సైగ చేస్తారు, తర్వాత మానేస్తారు. చర్చిలో పక్కన కూర్చునే ఆవిడ ఇప్పుడు వెనక బెంచీకి మారింది. నీ ఉత్తరంలో "మీ వదిన అడిగినట్టు చెప్పమంది" అన్న ముక్క కోసం కవరు చింపేదాన్ని. అది నువ్వు కల్పించిందే కానీ, నన్ను అడిగినవాళ్ళు ఆ ఒక్కరే. ఆ కార్డులు పారెయ్యను. సంతకం బాగానే కుదిరింది.

అంత దూరం ఎలా రావాలో తెలియదు, విమానంలో నాకు తల తిరుగుతుంది. బస్సులో రెండు రోజులు. ఎండలు ముదిరాక చూస్తాను. పదమూడు కిలోమీటర్ల గురించి ఇక అడగను.

చెల్లెలు


కలినా
ఏప్రిల్ 21

చెల్లాయ్,

కాగితాలు పంపుతున్నాను. నువ్వు చుక్క పెట్టిన చోట నింపాను. రెండు గంటలు పట్టిందంటే నమ్ముతావా. మొదట గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు.

ఆవిడ సంతకం ఈసారి నా చేతిరాతలోనే పెట్టాను.

నెస్టర్


కలినా
జులై 17

చెల్లాయ్,

సోమవారం బ్యాంకులో పడింది, పాతవన్నీ కలిపి. నువ్వు చెప్పిన లెక్కకి మూడు డాలర్లు తేడా. నీకు వయసైపోతోంది. కాఫీ బల్ల దగ్గర అందరికీ కాఫీ పోయించాను. "ఎన్ని కిలోమీటర్లకి ఇచ్చారు?" అన్నాడు లాయిడ్. వాణ్ణి ఇక మార్చలేం.

మంగళవారం, శుక్రవారం మళ్ళీ వెళ్తున్నాను. నువ్వు అడగనన్నావు కాబట్టి ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

ఆవిడకి నేను గుర్తులేను. మొదట్లో "నేను నెస్టర్ని" అని చెప్పేవాణ్ణి. భయపడిపోయేది. "నెస్టర్ ఇంటి దగ్గరున్నాడు, నువ్వెవరు?" అని నర్సుని పిలిచేది. పోయిన ఏడాది జూన్‌లో ఒకరోజు నేను లోపలికి వెళ్ళగానే చేతిసంచీ భుజాన వేసుకుని నిలబడింది. "వచ్చారా డ్రైవరుగారూ, ఇంటి దగ్గర దింపండి, మా ఆయన ఎదురుచూస్తుంటాడు" అంది. నర్సు వంక చూశాను. గంటలో తీసుకొచ్చెయ్యమంది.

ఇంటికి తీసుకురాలేను కదా. ఆవిడ ఉండే ఆ ముసలివాళ్ళ ఇల్లు పట్నం చివరన ఉంది, దాటితే మన మట్టిరోడ్లే, గళ్ళు గీసినట్టు. రెండు మైళ్ళు ఉత్తరానికి, రెండు పడమరకి, రెండు దక్షిణానికి, రెండు తూర్పుకి. మొత్తం ఎనిమిది మైళ్ళు, నీ పదమూడు కిలోమీటర్లు. అద్దం దించి ఆవాలచేలు చూస్తూ కూర్చుంటుంది. ఆఖరి మలుపు తిరిగి ఆ భవనం కనపడగానే "ఇదే, ఇదే మా ఇల్లు, ఆపండి" అంటుంది. బయల్దేరిన చోటే ఆపుతాను. సంతోషంగా దిగి లోపలికి పోతుంది. మంచు పడ్డాక బయటికి పంపరు, అందుకే చలికాలం లెక్క తక్కువ.

నిన్న మంగళవారం. రెండో మలుపు దాటాక సంచీ తెరిచి వెతకడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఛార్జీ సంగతి అడగలేదు.

"ఎంతయిందండీ?" అంది.

"ఇచ్చేశారమ్మా. ప్రభుత్వమే ఇచ్చింది, మొన్ననే పడింది. ఇద్దరికీ కలిపి" అన్నాను.

"మా ఆయనక్కూడానా?"

"మీ ఆయనక్కూడా."

సంచీ మూసింది. "కాస్త తొందరగా పోనివ్వండి డ్రైవరుగారూ. పాపం, ఇంట్లో ఒక్కడే ఉన్నాడు" అంది.

ఇంకో మలుపు ఉంది. తొందరగానే పోనిచ్చాను.

అన్నయ్య నెస్టర్